సైనిక శిక్షణ చిత్రాలు: యుద్ధం ముంగిట తెర, తెలుగు నేల

ఆయుధం పట్టడం, పటం చదవడం, శత్రు విమానాన్ని ఆకారం బట్టి గుర్తుపట్టడం, రోగాల బారిన పడకుండా ఉండడం వంటివి సైనికులకు నేర్పడానికి తీసిన చిన్న చలనచిత్రాలను సైనిక శిక్షణ చిత్రాలంటారు. యుద్ధం కథగా తీసిన సినిమాలు వేరు, జనాన్ని యుద్ధానికి ఒప్పించడానికి తీసిన ప్రచార చిత్రాలు వేరు. కానీ మన దేశంలో ఈ మూడింటి మధ్య గోడ మొదటి నుంచీ పల్చగానే ఉంది. ఇలాంటి చిత్రాలు ఎక్కువగా యుద్ధం గుమ్మంలోకి వచ్చాకే పుట్టాయి. శాంతికాలంలో చిన్నగా ఉండే సైన్యం ఏడాది తిరిగేసరికి నాలుగైదు రెట్లు పెరిగితే, ఆ కొత్తవాళ్లందరికీ నేర్పడానికి పాత హవల్దార్లు చాలరు. ఆ కొరత తీర్చడానికే తెర వచ్చింది.

అప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే నందిగామ, జగ్గయ్యపేట, గరికపాడు మీదుగా హైదరాబాదు వెళ్లే రోడ్డు పొడవునా, ఈ చరిత్ర కొంచెం అడ్డంగా నడిచింది. ఇక్కడి జనం యుద్ధానికి సిద్ధం కావడం నేర్చుకున్నది రీలు చూసి కాదు. ఇక్కడ రీలు కన్నా బుర్రకథ ముందు వచ్చింది, బలంగానూ పనిచేసింది.

పుట్టుక

శిక్షణ చిత్రాల ప్రక్రియ మొదటి ప్రపంచయుద్ధం నాటిది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు న్యూయార్కులోని జాన్ రాండాల్ఫ్ బ్రే స్టూడియో సైన్యం కోసం బొమ్మల చిత్రాలు తీసింది. తరవాతి కాలంలో పొపాయి కార్టూన్లతో పేరు తెచ్చుకున్న మాక్స్ ఫ్లైషర్‌ను ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌కు పంపారు. కాంటూరు పటం చదవడం, మోర్టారు పేల్చడం, మెషీన్ గన్ లోపలి భాగాలు పనిచేసే తీరు ఆయన బృందం బొమ్మల్లో చూపించింది. తుపాకీ గొట్టంలో ఏం జరుగుతుందో కెమెరా చూడలేదు, బొమ్మ చూపగలదు. శిక్షణ చిత్రాల్లో నేటికీ బొమ్మలు వాడడానికి అసలు కారణం ఇదే.

యుద్ధం రాకముందే సిద్ధపడ్డ ఉదాహరణ కావాలంటే 1940-41 అమెరికానే చూడాలి. 1940 సెప్టెంబరులో అక్కడ నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. పెర్ల్ హార్బర్ మీద జపాను దాడికి ఇంకా ఏడాదికి పైగా వ్యవధి ఉంది. సైన్యం అప్పటికే హాలీవుడ్ అకాడమీ పరిశోధక మండలితో ఒప్పందం చేసుకుంది. ఇరవయ్యవ శతాబ్ది ఫాక్స్ సంస్థను నడిపిన డారిల్ జానక్ సిగ్నల్ కోర్‌లో రిజర్వు అధికారి హోదాతో ఈ పని చూశాడు. స్టూడియోలు లాభం తీసుకోకుండా ఖర్చుకే చిత్రాలు తీసిచ్చాయి. అలా వచ్చిన వాటిలో బాగా ప్రచారం పొందింది 1941లో జాన్ ఫోర్డ్ తీసిన ‘సెక్స్ హైజీన్’. సుఖవ్యాధుల గురించి కొత్త సైనికులకు మొహమాటం లేకుండా చెప్పిన చిత్రం అది. పశ్చిమ సీమల గుర్రపు చిత్రాలు తీసి జనాన్ని మెప్పించిన దర్శకుడు ఇలాంటి పాఠం తీశాడంటే, ఆ పనికి అప్పుడు ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది.

బ్రిటన్‌లో ఆర్మీ కినిమటోగ్రాఫ్ సర్వీసు 1941లో ఏర్పడింది. కారల్ రీడ్ తీసిన ‘ద న్యూ లాట్’ (1943) కొత్తగా సైన్యంలో చేరినవాళ్ల గొణుగుళ్లను, బెదురును దాచకుండా చూపింది. అమెరికన్లు 1943 నుంచి ‘ప్రైవేట్ స్నాఫు’ అనే బొమ్మల వరుస నడిపారు. అందులో సైనికుడు చెయ్యకూడనిదల్లా చేస్తాడు, చివరకు దెబ్బ తింటాడు. చూసేవాడు నవ్వుతూనే నేర్చుకుంటాడు. తప్పు చేసే పాత్ర ద్వారా ఒప్పు నేర్పడం ఈ చిత్రాలన్నింటిలోకీ తెలివైన పద్ధతి. బుర్రకథలో హాస్యం చెప్పే వంతవాడు చేసేదీ ఈ పనే. కథకుడు గంభీరంగా చెప్పిన మాటను అతను అమాయకంగా తప్పుగా అర్థం చేసుకుంటాడు, రాజకీయం చెప్పే వంతవాడు దాన్ని సరిచేస్తాడు, ఆ మధ్యలో విషయం జనం బుర్రకెక్కుతుంది.

మన దేశంలో: 1940 నుంచి 1946 దాకా

రెండో ప్రపంచయుద్ధంలోకి భారతదేశాన్ని 1939 సెప్టెంబరులో వైస్రాయి ఎవరినీ అడక్కుండానే దించాడు. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ఆ వాతావరణంలో 1940లో బొంబాయిలో ఫిల్మ్ అడ్వయిజరీ బోర్డు పుట్టింది. జె.బి.హెచ్. వాడియా దానికి అధ్యక్షుడు. బ్రిటన్ నుంచి వచ్చిన అలెగ్జాండర్ షా మొదట నిర్మాణ బాధ్యత చూశాడు, తరవాత వి. శాంతారామ్ కొంతకాలం ఆ పనిలో ఉన్నాడు. 1943లో బోర్డు స్థానంలో ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా వచ్చింది. దాని నిర్మాణానికి ఎజ్రా మీర్ పెద్ద. వార్తల కోసం ‘ఇండియన్ న్యూస్ పరేడ్’ పేరుతో మరో వరుస నడిచింది. ఈ చిత్రాలకు ఇంగ్లీషు, హిందుస్తానీ, బెంగాలీ, తమిళం, తెలుగు భాషల్లో వ్యాఖ్యానం ఉండేది. తెలుగువాడికి ప్రభుత్వ చిత్రం మొదటిసారి తన భాషలో వినిపించింది యుద్ధం పుణ్యమా అనే.

జనం తమంతట తాము చూడరని ప్రభుత్వానికి తెలుసు. అందుకే 1943 సెప్టెంబరులో భారత రక్షణ నిబంధనల్లో 44ఎ చేరింది. ప్రతి టాకీసూ ప్రతి ఆటలో ప్రభుత్వం ఆమోదించిన చిత్రం 2,000 అడుగుల మేరకు వెయ్యాలి. 35 మిల్లీమీటర్ల రీలు నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది కాబట్టి అది ఇరవై రెండు నిమిషాల పని. పైగా దానికి అద్దె కట్టవలసింది హాలు యజమానే. ముడి ఫిలిం కరువై 1942 నుంచి నియంత్రణ వచ్చింది. 1943లో కథా చిత్రాల నిడివిని 11,000 అడుగులకు కుదించారు. అంతకుముందు మూడు గంటలు దాటి సాగిన పౌరాణికాలకు కత్తెర పడింది. యుద్ధానికి తోడ్పడే కథలు తీస్తేనే ఫిలిం దొరికే పరిస్థితి వచ్చింది. మద్రాసు స్టూడియోల్లో దాని ఫలితం తమిళంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1945లో కె. సుబ్రహ్మణ్యం తీసిన ‘మానసంరక్షణం’, మోడరన్ థియేటర్స్ వారి ‘బర్మా రాణి’ ఆ కోవలోవే.

సైనికుల శిక్షణ సంగతికి వస్తే, ఆనాటి భారత సైన్యంలో బోధన భాష రోమన్ లిపిలో రాసిన ఉర్దూ. పొలం నుంచి నేరుగా వచ్చిన కృష్ణా, గుంటూరు జిల్లాల కుర్రాడికి రైఫిల్ కన్నా ముందు ఆ భాషే పరీక్ష పెట్టేది. 1920ల చివర రద్దయిన మద్రాసు రెజిమెంటును యుద్ధ అవసరం కొద్దీ 1940ల మొదట్లో మళ్లీ లేపారు. దక్షిణాదివాళ్లు యుద్ధజాతులు కారని అరవై డెబ్బై ఏళ్లుగా చెప్పినవాళ్లే మళ్లీ ఇక్కడ భర్తీకి దిగారు. బొమ్మ ముఖ్యంగా, మాట తక్కువగా ఉండే చిత్రం ఇలాంటి సైన్యంలో ఎక్కువ ఉపయోగపడాలి. బ్రిటిషు అధికారులు ఆ సంగతిని ఆలస్యంగా గ్రహించారనే చెప్పాలి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తీర పట్టణాల జనం మూటాముల్లె కట్టుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు మారింది. సైరను మోగితే ఏం చెయ్యాలి, దీపాలు ఎలా కప్పాలి, కందకంలో ఎలా కూచోవాలి అన్న విమానదాడి జాగ్రత్తల (ఏ.ఆర్.పి.) పాఠాలు అప్పుడు పట్టణాల్లో రోజువారీ విషయాలయ్యాయి. తెలుగు నేల మీద నిజంగా బాంబు పడిన సందర్భం అది. పాఠం మాత్రం బాంబు పడ్డాకే ఊపందుకుంది.

1946లో కేంద్ర శాసనసభ నిధులకు కోత పెట్టడంతో ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ మూతపడింది. పరాయి పాలకుల ప్రచార యంత్రమన్న కోపం అందులో ఉంది, అది న్యాయమైనదే. కానీ దాని ఫలితంగా, 1947 ఆగస్టు 15 నాటికి స్వతంత్ర దేశానికి సొంత చిత్ర విభాగం లేకుండా పోయింది.

1947-48: గరికపాడు రోడ్డు

ఆ రోజుల్లో ఈ మెట్ట ప్రాంతపు సరిహద్దు చిక్కుముడిలా ఉండేది. నిజాం రాజ్యం నడుమ మునగాల పరగణా కృష్ణా జిల్లాది. కృష్ణా జిల్లా నడుమ నందిగామకు దగ్గరలోని పరిటాల నిజాముది. 1947లో పరిటాల, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమను తాము రిపబ్లిక్‌గా ప్రకటించుకున్నారు. నవంబరు 29న నిజాముకూ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరినా, నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల దాడులు ఆగలేదు. నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి కుటుంబాలు పొలిమేర దాటి ఈ ఊళ్లకు వచ్చాయి. సరిహద్దు పొడవునా కాంగ్రెసు శిబిరాలు వెలిశాయి. అవతల కమ్యూనిస్టుల దళాలు పోరాడుతున్నాయి. బర్మా, ఆఫ్రికా యుద్ధరంగాల నుంచి తిరిగి వచ్చిన మాజీ సైనికులు కర్రసాము తెలిసిన కుర్రాళ్లకు తుపాకీ పట్టడం నేర్పారు. వడిసెల, కారం పొడి, రోకలి కూడా ఆయుధాలే.

ఈ శిక్షణకు తెర లేదు. కరెంటు లేని ఊళ్లో ప్రొజెక్టరు తిరగదు. తిరిగినా అందులో వెయ్యడానికి ఎవరి రీలూ లేదు. ఆ స్థానాన్ని కమ్యూనిస్టు కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి నింపింది. 1943లో ఏర్పడిన ఈ సంస్థకు డాక్టరు గరికపాటి రాజారావు ప్రాణం పోశాడు. షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపిరి పోశాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘ముందడుగు’, తరవాత 1947లో తెలంగాణ పోరాటాన్నే ఇతివృత్తంగా తీసుకున్న ‘మా భూమి’ నాటకాలను కోస్తా జిల్లాల్లో పదుల కొద్దీ దళాలు ఊరూరా ఆడాయి. ప్రభుత్వం నిషేధించే దాకా ఆ ప్రదర్శనలు సాగాయి. నాటకం తుపాకీ విప్పి చూపించలేదు నిజమే. కానీ దొర గడీ ముందు ఎలా నిలబడాలి, ఊరంతా ఒక్క కేకతో ఎలా పోగవాలి, దెబ్బ తిన్నవాణ్ణి ఎవరు దాచాలి అన్నవి చూపించింది. శిక్షణ చిత్రానికి కావలసిన లక్షణాలు మూడు: ఒకసారికి ఒకే పాఠం, కళ్లకు కట్టే ఉదాహరణ, మళ్లీ మళ్లీ చూపడం. ఆ మూడూ ఈ ప్రదర్శనల్లో ఉన్నాయి. ప్రభుత్వ రీళ్లలో లేనిది ఒకటి అదనంగా ఉంది: చెప్పేవాడు తమవాడన్న నమ్మకం.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున, హైదరాబాదు రాజ్యాన్ని భారతదేశంలో కలపడానికి ఆపరేషన్ పోలో అనే సైనిక చర్య మొదలైంది. ప్రధాన దళం షోలాపూరు వైపు నుంచి కదిలింది. తూర్పు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలోని దళం విజయవాడ నుంచి ఈ రోడ్డు పట్టింది. ఐదో గూర్ఖా రైఫిల్సు రెండో బెటాలియను, పూనా హార్స్ అందులో ఉన్నాయి. హైదరాబాదు సైన్యం హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ వాహనాలతో అడ్డుపడినా ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ, మధ్యాహ్నం మూడింటికి మునగాల భారత సైన్యం చేతికొచ్చాయి. మునగాల చేరడమంటే సైన్యం మళ్లీ కృష్ణా జిల్లా గడ్డ మీదికే రావడం. సెప్టెంబరు 18న హైదరాబాదు సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎడ్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు. ఈ రోడ్డు మీద గెలిచిన జవాన్లకు శిక్షణ ఇచ్చింది రెండో ప్రపంచయుద్ధమే. ఐదు రోజుల్లో పని ముగియడానికి అదొక ముఖ్య కారణం.

స్వతంత్ర భారతంలో

1948లోనే ఫిలిమ్స్ డివిజన్ బొంబాయిలో ఏర్పడింది. తెల్లవాళ్ల నిబంధనను తిట్టిన ప్రభుత్వమే హాళ్లలో న్యూస్‌రీలు తప్పనిసరి చేసింది. ‘ఇండియన్ న్యూస్ రివ్యూ’ వచ్చే టైము లెక్క చూసుకుని, అది అయ్యాకే హాల్లో అడుగుపెట్టే ప్రేక్షకులు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. సైన్యానికి బోధన చిత్రాలు తీసే పని ఫిలిమ్స్ డివిజన్ ఢిల్లీ విభాగం చేసింది. రక్షణ మంత్రిత్వ శాఖలో సాయుధ దళాల ఫిల్మ్, ఫోటో విభాగం శిక్షణ చిత్రాలను సేకరించి, తీయించి, దళాలకు పంపిణీ చేస్తుంది. దాని కేంద్ర గ్రంథాలయం చిత్రాలు బయటివాళ్ల కోసం కావు.

1962లో చైనాతో యుద్ధంలో దెబ్బ తగిలాక జనాన్ని యుద్ధానికి సిద్ధం చేసే తొందర మొదలైంది. 1963లో కాలేజీల్లో ఎన్.సి.సి. తప్పనిసరి అయింది, ఐదారేళ్లకు ఆ నిబంధన సడలింది. 1968లో పౌర రక్షణ చట్టం వచ్చింది. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ముందే మునిగింది. దాని మీద 2017లో తెలుగులో కథా చిత్రం వచ్చింది, జాతీయ అవార్డు కూడా అందుకుంది. అది చూసి ఎవరూ జలాంతర్గామి నడపడం నేర్చుకోరు, నేర్పాలని తీసిందీ కాదు. అయినా ఆ రాత్రిని మన పిల్లలకు గుర్తు చేసింది మాత్రం ఆ సినిమానే.

2025 మే 7న ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో దేశవ్యాప్తంగా 244 పౌర రక్షణ జిల్లాల్లో కసరత్తు జరపాలని కేంద్ర హోం శాఖ ఆదేశించింది. ఆ వేకువనే పాకిస్తాన్ వైపు ఉగ్రవాద స్థావరాల మీద ఆపరేషన్ సిందూర్ మొదలైంది. హైదరాబాదు, విశాఖపట్నాల్లో సైరన్లు మోగించి కసరత్తు చేశారు. ఆ దృశ్యాలు టీవీల్లో, ఫోన్లలో ఊరూరికీ చేరాయి. 1942 తరవాత ఇంతమంది తెలుగువాళ్లు ఒకేసారి ఈ పాఠం విన్న సందర్భం ఇంకొకటి లేదేమో. ఈసారి పాఠానికి హాలూ, టూరింగ్ టాకీసు డేరా అక్కర్లేదు.

ఫిలిమ్స్ డివిజన్‌ను 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. ఇండియన్ న్యూస్ పరేడ్ రీళ్లు చాలావరకు ఇప్పుడు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. జగ్గయ్యపేట, నందిగామ ఊళ్లలో ఎవరి ఇంటి అటకల మీదైనా ప్రజానాట్యమండలి నాటకాల రాతప్రతులు, టూరింగ్ టాకీసుల కరపత్రాలు ఉంటే వాటిని పాత కాగితాలవాడికి వెయ్యకండి, దగ్గరలోని గ్రంథాలయానికి ఇవ్వండి.