తెలుగు సంఘాల్లో సువార్త కేంద్రంగా సాగిన పరిచర్య

తెలుగునాట ప్రొటెస్టంట్ సంఘాల పరిచర్యలో సువార్త ప్రకటనకు ఏ స్థానం ఉండాలి, బడి, ఆస్పత్రి, కరువు సాయం దాని పక్కన ఎక్కడ నిలవాలి అన్న ప్రశ్నకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. యేసు క్రీస్తు మనుషుల పాపాల కోసం సిలువపై మరణించి తిరిగి లేచాడనీ, ఆయనను నమ్మినవారికి దేవునితో సమాధానం కలుగుతుందనీ చెప్పే సందేశమే సువార్త. దానికి వెల కట్టడానికి వీల్లేదు, కులం చూసి పంచడానికీ వీల్లేదు. తెలుగు సంఘాలు పదేపదే పరీక్షకు నిలిచింది ఈ రెండు చోట్లనే. ఎన్ని ప్రసంగాలు చేశారన్న లెక్క కన్నా, అన్నం పెట్టిన చెయ్యి బదులుగా బాప్తిస్మం అడిగిందా, ప్రభువు బల్ల దగ్గర అందరికీ చోటు దొరికిందా అన్నదే ఈ చరిత్రకు సరైన కొలత.

గ్రంథం, బడి, బాట

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. భాష నేర్చుకోగానే సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లోనూ, డెస్ గ్రాంజెస్ 1810లోనూ చనిపోయినా పని ఆగలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. చెప్పుకోదగ్గ సంఘమేదీ ఏర్పడకముందే గ్రంథం తెలుగువారి చేతికి వచ్చిందన్నమాట.

చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. నోబుల్ 1843లో బడి తెరిచాడు. అగ్రవర్ణాల పిల్లలకు ఇంగ్లీషు చదువుతో పాటు ప్రతిరోజూ బైబిలు చెబితే సందేశం పైనుంచి కిందికి దిగుతుందని ఆయన ఆశ. ఫాక్స్ మాత్రం ఊళ్ల వెంట తిరుగుతూ సంతల్లో, తీర్థాల్లో బోధించాడు. ఆరోగ్యం చెడి 1848లోనే కన్నుమూశాడు. నోబుల్ బడిలో చదివిన మంచాల రత్నం, అయినాల భూషణం 1852లో బాప్తిస్మం తీసుకోగానే బడి ఖాళీ అయిపోయింది. ఆ ఇద్దరూ తర్వాత 1864లో గురువులుగా అభిషేకం పొందారు. నోబుల్ పట్టుదల, భక్తి సందేహించలేనివి. కానీ దళితుల పిల్లలకు తలుపు మూసిన బడిలో బోధించిన సువార్త సగమే వినిపించిందని చెప్పక తప్పదు.

అదే కాలంలో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) మరో దారి తెరిచాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్న ఆయన కరపత్రాలు పంచుతూ ఊరూరా తిరిగి బోధించాడు, రాగతాళాలతో కీర్తనలు రాశాడు. చదువురానివారు కూడా సిలువ కథను నోటికి నేర్చుకోగలిగింది ఈ పాటల వల్లనే. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటిలో ఆయన రచనలను సంఘాలు నేటికీ పాడుతున్నాయి. తెలుగు విశ్వాసికి సిద్ధాంతం నేర్పడంలో ప్రసంగ పీఠం కన్నా కీర్తనల పుస్తకానికే ఎక్కువ పాలు ఉందనడం అతిశయోక్తి కాదు.

పల్లెల నుంచి వచ్చిన పిలుపు

మిషనరీల పథకాలను తలకిందులు చేసినవాళ్లు దళిత అన్వేషకులు. కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య విగ్రహారాధన మాని, పేరు తెలియని దేవునికి మొక్కుకుంటూ వచ్చిన మనిషి. 1859లో బెజవాడలో థామస్ డార్లింగ్ అనే మిషనరీని కలిశాక, తాను వెతుకుతున్నది ఈయన చెబుతున్న దేవుణ్ణేనని గుర్తించాడు. ఆ తర్వాత చుట్టుపక్కల మాలపల్లెలకు కబురు మోసినవాడు వెంకయ్యే.

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టుల కథ కూడా ఇలాంటిదే. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ మిషన్‌ను మూసేయాలన్న చర్చ 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో గట్టిగా సాగింది. శామ్యూల్ ఎఫ్. స్మిత్ దాన్ని ఒంటరి నక్షత్రంగా వర్ణిస్తూ కవిత రాశాక ఆ పేరే స్థిరపడింది. మరుసటి ఏడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూవెట్, ఆయన భార్య, నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు.

జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న. అప్పటికే తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తోలు వ్యాపారం చేసే మాదిగ కులస్థుడైన పేరయ్య, క్రైస్తవుడు కాకముందు యోగమార్గంలో గురువుగా మన్నన పొందినవాడు. ఆయన మాట మీద ఆ జనవరిలోనే తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దీంతో క్లౌ ముందు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఒంగోలు బ్రాహ్మణులు, ఇతర అగ్రవర్ణాలవాళ్లు ఆయన బడికి పిల్లల్ని పంపుతూ ఆదరంగానే ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము తప్పుకుంటామని తేల్చి చెప్పారు. క్లౌ తర్వాత చెప్పినదాని ప్రకారం, ఆ రోజుల్లో ఒకసారి ఆయన ఒక గదిలో, భార్య హారియెట్ మరో గదిలో, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే ఇద్దరి కళ్లూ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం మీదే పడ్డాయి. లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడని అక్కడ ఉంది. బడి ఖాళీ అయింది. సంఘం నిలబడింది.

కొత్త విశ్వాసులకు క్లౌ పెట్టిన నియమాలు తక్కువ: ఆదివారం పని మానాలి, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. చూడటానికి చిన్నవే అయినా ఊరి కట్టుబాటు మొత్తాన్ని కదిలించాయి. జాతరలో డప్పు కొట్టడం, చచ్చిన పశువును మోసుకుపోవడం మాదిగల విధిగా భావించే ఊళ్లలో, వాళ్లు వద్దనడం తిరుగుబాటే. దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. సమాజ సంస్కరణ పేరుతో విడిగా ఉద్యమమేదీ నడపకపోయినా, సువార్తను నమ్మడమే ఊరి మధ్య ఆ మార్పు తెచ్చింది.

ధాత కరువు, వెల్లంపల్లి

1876–78 నాటి మహా కరువును తెలుగువారు ధాత కరువు అంటారు. క్లౌ యువకుడిగా అమెరికాలో భూమి కొలిచే పని చేసినవాడు. ఆ అనుభవంతో బకింగ్‌హామ్ కాలువలో దాదాపు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నాడు. తాటాకు పాకలతో శిబిరం వెలిసింది. బోధకులే మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరి కింద సుమారు వంద మంది తవ్వేవాళ్లు. కూలి డబ్బులు ఇచ్చేదీ, తిట్టూ కొట్టూ లేకుండా పని చేయించేదీ, అలసి కూర్చున్నప్పుడు పక్కన చేరి మాట్లాడేదీ ఒకే మనిషి. ప్రయాసపడి భారం మోసేవారిని క్రీస్తు తన దగ్గరికి రమ్మని పిలిచిన వాక్యాన్ని వాళ్లు ఎక్కువగా చెప్పేవారట. నెత్తి మీద మట్టి తట్ట మోసే మనిషికి ఆ మాట వివరించి చెప్పాల్సిన పనే ఉండదు.

ఈ కాలమంతా, 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా, సాయం అందుతున్నంత కాలం వద్దన్నాడు. ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన నిర్ణయం ఇదే. సువార్తను గట్టిగా ప్రకటిస్తూనే, దానికీ కూలి డబ్బుకూ మధ్య పదిహేను నెలల గోడ కట్టాడు.

సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 2న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రెండో రోజు ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో దిగారు. ఆ ఏడాది ఆఖరుకు లెక్క 9,606కు చేరింది. బియ్యం కోసం క్రైస్తవులయ్యారన్న నింద అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ వినిపిస్తుంది. పదిహేను నెలల విరామాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ మాట అనడం న్యాయం కాదు. అలాగని ఆకలికి ఏ పాత్రా లేదనడమూ నిజం కాదు. కష్టకాలంలో ఎవరు పక్కన నిలిచారో జనం చూశారు, ఆ నిలిచినవాళ్లు చెప్పినదాన్ని నమ్మారు.

అసలు లోటు ఆ తర్వాత బయటపడింది. అంతమందికి బోధించేవాళ్లు లేరు. రామాయపట్నం వేదాంత పాఠశాల 1870లలోనే మొదలైనా, ఒక్కో బోధకుడికి ఎన్నో పల్లెలు. బాప్తిస్మం తీసుకున్నా వాక్యం సరిగా వినని కుటుంబాలు మిగిలిపోయాయి. మరోవైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో మాలలు ఎక్కువగా చేరడంతో, కుల భేదం మిషన్ల సరిహద్దుల్లో కొత్త రూపం తొడుక్కుంది.

ఇంటింటికీ వెళ్లింది ఎక్కువగా స్త్రీలే. బైబిలు స్త్రీలు అని పిలిచే వీళ్లు పరదా చాటున ఉన్న ఇళ్లలో చదువు చెప్పి, వాక్యం వినిపించారు. గుంటూరులో లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆస్పత్రిలో చికిత్స, వాక్యం పక్కపక్కనే నడిచాయి. మిషన్ చరిత్రలు దొరల పేర్లతో నిండినా, బైబిలు స్త్రీలలో చాలామంది పేర్లు కూడా మిగలలేదు. తెలుగు సంఘాలు తామే మిషనరీలను పంపడం కూడా మొదలైంది. 1903లో తెలుగు బాప్టిస్టుల స్వదేశీ మిషన్ నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపింది. చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువారి మధ్య ఆయన సంఘాలు నెలకొల్పాడు.

దోర్నకల్: ప్రతి విశ్వాసీ సాక్షి

వేదనాయకం సామ్యూల్ అజరయ్య (1874–1945) తమిళుడు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ఒకడు, 1909లో తానే మిషనరీగా నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందాడు.

ఆయన పరిచర్యలో కొత్తదనం ఒక చిన్న ఆచారంలో కనిపిస్తుంది. బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీదే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా చెప్పించేవాడు. అక్షరం రాని కూలీ కూడా ఆ క్షణం నుంచి సువార్తికుడే. ఏటా ఒక వారం అధ్యక్ష మండలంలోని సంఘాలన్నీ పక్క ఊళ్లకు బయల్దేరి సాక్ష్యం చెప్పేవి. జీతం తీసుకునే బోధకుడి పని సంఘమంతటి పనిగా మారింది. ఒంగోలు అనుభవంలో మిగిలిన లోటుకు ఇంతకన్నా మంచి జవాబు తెలుగునాట మరొకటి రాలేదు. గుమ్మటాలు, మినార్లు, దేవాలయ శైలి స్తంభాలు కలిపి కట్టించిన దోర్నకల్ కతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది.

అంతకుముందే మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో కూలీలకు పని కల్పిస్తూ కట్టించిన కతీడ్రల్ 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది.

ఇదే దశకాల్లో మిషన్ల ఉద్దేశం మీదే ప్రశ్నలు లేచాయి. 1932లో అమెరికాలో వెలువడిన ‘రీథింకింగ్ మిషన్స్’ నివేదిక, బళ్లు, ఆస్పత్రులు ప్రకటనతో ముడిపడకుండా సేవగానే నిలవాలని వాదించింది. 1935లో అంబేడ్కర్ హిందూమతం వీడతానని ప్రకటించాక గాంధీజీ మత మార్పిడులను తీవ్రంగా విమర్శించారు, దోర్నకల్ పని కూడా ఆ విమర్శలోకి వచ్చింది. అజరయ్య రెండు వైపులా గట్టిగా నిలబడ్డాడు. పేదలకు సువార్త వినే, దాన్ని ఎంచుకునే హక్కు లేదనడాన్ని ఒప్పుకోలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను కూడా వ్యతిరేకించాడు, సంఘం ఓట్ల లెక్కగా మారితే దాని సందేశం పలుచబడుతుందని ఆయన భయం.

స్వాతంత్ర్యం తర్వాత

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలాలు అందులో చేరాయి. మిషన్ ఆస్తులు, బళ్లు, ఆస్పత్రులు భారతీయుల చేతికి వచ్చాక, వాటి పాలన సంఘ నాయకుల సమయాన్ని ఎక్కువగా తినేసింది. పదవుల కోసం పోటీలు, కోర్టు కేసులు చాలా చోట్ల పరిచర్యను వెనక్కి నెట్టాయి.

దీనికి ఎదురుగా నిలిచిన ఉద్యమం పంజాబు సిక్కు కుటుంబం నుంచి వచ్చిన భక్త్ సింగ్‌ది. 1941లో మద్రాసులో మొదలైన ఆయన సహవాసాలు తెలుగు నేల మీద ఎక్కువగా వేళ్లూనుకున్నాయి, హైదరాబాదులోని హెబ్రోను వాటికి కేంద్రమైంది. పరిశుద్ధ సమాజ కూటాల్లో రోజుల తరబడి వాక్య బోధ, వాక్యాల అట్టలు పట్టుకుని వీధుల్లో ఊరేగింపు, చాపల మీద కులాలు కలిసి కూర్చుని ప్రేమ విందు ఉండేవి. విదేశీ నిధుల మీద ఆధారపడకుండా ఆ సంఘాలు నడిచాయి. ఆయన 2000 సెప్టెంబర్ 17న హైదరాబాదులో మరణించాడు.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు ఆ హోదా దక్కకుండా చేసింది. దాంతో ఆదివారం ఆరాధనలో ఒక పేరు, రికార్డుల్లో మరో పేరుతో బతికే కుటుంబాలు ఎన్నో. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇచ్చినా, మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

1974లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జరిగిన మహాసభ, సువార్త ప్రకటన, సామాజిక బాధ్యత రెండూ క్రైస్తవ విధిలో భాగమేననీ, సంఘ సేవలో ప్రకటనదే ప్రథమ స్థానమనీ ప్రకటించింది. 1980లలో ఎదిగిన దళిత వేదాంతం మరో అడుగు ముందుకేసి, కులం కింద నలిగినవారి బాధను పక్కన పెట్టిన బోధ యేసు సువార్త కాదని నిలదీసింది. ఆ నిలదీత అవసరమైనదే.

ఇటీవలి దశకాల్లో పట్టణాల్లో, పల్లెల్లో స్వతంత్ర సంఘాలు విస్తరించాయి, టీవీ చానెళ్లలో, యూట్యూబులో సందేశాలు రోజంతా వినిపిస్తున్నాయి. స్వస్థత కూటాలకు, ఉపవాస ప్రార్థనలకు మతభేదం లేకుండా జనం వస్తారు. కొన్ని చోట్ల కానుక వేస్తే అప్పులు తీరతాయి, వీసా వస్తుంది అన్న బోధ సిలువ సందేశాన్ని మింగేస్తోంది. కూలి డబ్బుకూ బాప్తిస్మానికీ మధ్య ఒంగోలులో కట్టిన గోడ ఇక్కడ కూలిపోయింది, పైగా ఇప్పుడు డబ్బు పేదవాడి జేబులోంచే బయటికి పోతోంది. దీన్ని గుర్తించిన సంఘాలు పల్లె పాస్టర్లకు స్వల్పకాల వేదాంత శిక్షణ, వరుసగా ఒక్కో బైబిలు పుస్తకం మీద ప్రసంగాలు, బాప్తిస్మానికి ముందు తరగతులు నడుపుతున్నాయి.