కూలింగ్ సెంటర్

తీవ్రమైన ఎండలు కాసే రోజుల్లో ఎవరైనా ఉచితంగా వచ్చి సేదదీరేందుకు స్థానిక ప్రభుత్వాలు తెరిచి ఉంచే చల్లని చోటును కూలింగ్ సెంటర్ అంటారు. దీనికోసం ప్రత్యేకంగా భవనం కట్టడం అరుదు. ఉన్న గ్రంథాలయాన్నో, కమ్యూనిటీ హాలునో, వృద్ధుల కేంద్రాన్నో, బడినో, ప్రార్థనా మందిరాన్నో వాడుకుంటారు. చల్లని గాలి, తాగునీరు, కూర్చునే వీలు, మరుగుదొడ్డి, వడదెబ్బ లక్షణాలను గుర్తుపట్టగల సిబ్బంది ఇందులో ఉండాల్సిన కనీస వసతులు. అమెరికాలో మొదట విస్తరించిన ఈ ఏర్పాటు ఇప్పుడు ఐరోపాలో, జపాన్, దక్షిణ కొరియాలలో ప్రజారోగ్య వ్యవస్థలో భాగమైంది.

శరీరానికి ఎందుకు అవసరం

మనిషి శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది. చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకన్నా వేడెక్కితే, శరీరం తన వేడిని వదిలించుకోవడానికి చెమట ఆరడం ఒక్కటే దారి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడడం, స్పృహ తప్పడం మొదలైతే అది వడదెబ్బ. వెంటనే చల్లబరచకపోతే ప్రాణం పోవచ్చు.

అయితే ఎండలకు చనిపోయేవారంతా వడదెబ్బతోనే పోరు. చర్మానికి ఎక్కువ రక్తం పంపాల్సి రావడంతో గుండె మీద భారం పెరుగుతుంది. అప్పటికే గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారు ఆ భారం మోయలేరు. వయసు మీదపడ్డవారికి చెమట తక్కువగా పడుతుంది, దాహం ఆలస్యంగా వేస్తుంది. రక్తపోటుకు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు ఈ ముప్పును ఇంకా పెంచుతాయి. రాత్రి కూడా ఇల్లు చల్లబడకపోతే శరీరానికి కోలుకునే వ్యవధి దొరకదు. వడగాలుల మరణాలపై జరిగిన పరిశోధనలను 2007లో కలిపి విశ్లేషించినప్పుడు, చల్లని చోటికి వెళ్లి కొంతసేపు గడిపినవారిలో మరణాల ముప్పు చాలా తక్కువగా ఉన్నట్టు తేలింది.

షికాగో నేర్పిన పాఠం

1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరాన్ని తేమతో కూడిన తీవ్ర ఎండలు ముంచెత్తాయి. ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు చేరింది. ఆ కొద్ది రోజుల్లో మామూలు కంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. వారిలో అధికులు ఒంటరిగా ఉంటున్న పేద వృద్ధులు. దొంగల భయంతో తలుపులు, కిటికీలు బిగించుకుని ఇళ్లలోనే ఉండిపోయినవారు ఎందరో. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ ఈ విషాదంపై 2002లో పుస్తకం ప్రచురించారు. పక్కపక్కనే ఉన్న నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ పేటల్లో పేదరికం ఉన్నా మరణాల రేటులో పెద్ద తేడా ఉందని ఆయన చూపారు. దుకాణాలతో, జనంతో వీధులు కళకళలాడే సౌత్ లాండేల్‌లో ముసలివాళ్లు ధైర్యంగా గడప దాటారు, ఇరుగుపొరుగు వారిని కనిపెట్టుకున్నారు. పాడుబడిన నార్త్ లాండేల్‌లో ఆ ఆసరా లేదు.

1999లో మళ్లీ ఎండలు ముదిరినప్పుడు నగర యంత్రాంగం ముందే కదిలింది. కూలింగ్ సెంటర్లు తెరిచి, వాటికి ఉచిత బస్సులు నడిపింది. పోలీసులు, నగర సిబ్బంది ఒంటరి వృద్ధుల ఇళ్లకు వెళ్లి తలుపు తట్టి యోగక్షేమాలు విచారించారు. ఆ ఏడాది మరణాలు దాదాపు 110. ఎండ తీవ్రతలో ఉన్న తేడా కొంత కారణమైనా, ముందస్తు సన్నద్ధత చాలా ప్రాణాలు నిలిపిందనడంలో సందేహం లేదు.

మారికోపా కౌంటీ అనుభవం

ఈ ఏర్పాటు బలాన్నీ, లోపాలనూ అతి స్పష్టంగా చూడగల చోటు అరిజోనా రాష్ట్రంలోని మారికోపా కౌంటీ. ఫీనిక్స్ నగరం ఇందులోదే. 2005 వేసవిలో ఇల్లు లేనివారు పలువురు ఎండకు బలైన తర్వాత అక్కడి నగరపాలక సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, చర్చిలు, వ్యాపార సంస్థలు కలిసి 'హీట్ రిలీఫ్ నెట్‌వర్క్'గా ఏర్పడ్డాయి. ఇందులో ప్రధానంగా మూడు రకాల కేంద్రాలున్నాయి: నీళ్లు మాత్రమే ఇచ్చేవి, పగటిపూట చల్లని గదిలో కూర్చోనిచ్చేవి, పడుకుని విశ్రాంతి తీసుకునే వీలున్నవి. ఏ కేంద్రం ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో తెలిపే మ్యాపును ఏటా విడుదల చేస్తారు. 211 నంబరుకు ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం వివరాలు చెప్పడంతో పాటు అక్కడికి ఉచితంగా చేర్చే సౌకర్యమూ కల్పించారు. 2021లో ఫీనిక్స్ నగరం ఎండల సమస్య కోసమే ఒక ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది.

ఇంత ఉన్నా 2023 వేసవి విషాదాన్నే మిగిల్చింది. ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. జూలైలో ఒక రోజు కనిష్ఠ ఉష్ణోగ్రతే 36 డిగ్రీలు. ఆ ఏడాది కౌంటీలో ఎండ కారణంగా 645 మంది చనిపోయినట్టు అధికారికంగా నమోదైంది. వారిలో సగానికి కొంచెం తక్కువ మంది నిలువ నీడ లేనివారు. ఇళ్లలో చనిపోయినవారి విషయంలో ఇంకో సంగతి బయటపడింది: చాలామంది ఇళ్లలో ఏసీ ఉంది, కాని అది పనిచేయడం లేదు. బిల్లు బకాయి పడితే ఎండాకాలంలోనే కరెంటు తీసేసే పద్ధతిపై అంతకుముందే ఆగ్రహం రేగింది. దాంతో 2019లో రాష్ట్ర నియంత్రణ సంస్థ వేసవి నెలల్లో బకాయిల కారణంగా కరెంటు తీసేయడాన్ని ఆపించింది.

చాలా కేంద్రాలు సాయంత్రం వేళకు, వారాంతాల్లో మూతపడడం పెద్ద లోపంగా తేలింది. 2024లో కొన్నిటిని రాత్రింబవళ్లు తెరిచి ఉంచారు, కొన్ని గ్రంథాలయాల వేళలను రాత్రి దాకా పొడిగించారు. ఆ ఏడాది ఎండలు తగ్గకపోయినా మరణాలు 608కి దిగాయి. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన సంఖ్య తొలిసారి తగ్గింది.

పరిమితులు

కెనడాలోని ఒటావా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించిన ప్రయోగంలో, వృద్ధులను రోజంతా 36 డిగ్రీల వేడిలో ఉంచి మధ్యలో కొందరిని రెండు గంటలు చల్లని గదికి పంపారు. వారి శరీర ఉష్ణోగ్రత చక్కగా తగ్గింది. కాని తిరిగి వేడిలోకి వచ్చిన కొద్ది గంటల్లోనే మిగతావారితో సమానమైంది. అంటే కాసేపు కూర్చుని వెళ్లిపోయే చోటుగా మాత్రమే కూలింగ్ సెంటర్ ఉంటే, వేడెక్కిన ఇంటికి తిరిగి వెళ్లేవారికి దాని రక్షణ ఎక్కువసేపు నిలవదు.

రెండో పరిమితి, రాలేనివారిది. 2021 జూన్ చివరలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఎండలకు 619 మంది చనిపోయారు. వారిలో 98 శాతం మంది చనిపోయింది నాలుగు గోడల మధ్యనే. సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవారు. మంచం దిగలేనివారికి, తమకు వడదెబ్బ తగులుతోందని గుర్తించే స్పృహే సన్నగిల్లినవారికి, కేంద్రం పక్క వీధిలో ఉన్నా లేనట్టే.

ఇతర దేశాల్లో

2003 ఆగస్టు ఎండల్లో ఫ్రాన్స్‌లో దాదాపు 15,000 మంది మరణించారు. మరుసటి ఏడాది చేసిన చట్టం ప్రకారం, ఒంటరి వృద్ధులు, వికలాంగులు కోరితే వారి పేర్లను మునిసిపాలిటీలు నమోదు చేసుకోవాలి. ఎండలు ముదిరినప్పుడు ఆ జాబితాలోని వారికి ఫోన్ చేస్తారు. స్పెయిన్‌లోని బార్సిలోనా 2020 నుంచి గ్రంథాలయాలు, బడులు, మ్యూజియాలు, పార్కులను కలిపి ఆశ్రయాల వ్యవస్థను పెంచుతోంది. నడిచి పది నిమిషాల్లో చేరగల దూరంలో ఒకటి ఉండేలా చూడడం దాని పద్ధతి. జపాన్ 2023లో చట్టాన్ని సవరించి, కూలింగ్ సెంటర్లుగా పనికొచ్చే భవనాలను ముందే గుర్తించే అధికారం స్థానిక పాలకులకు ఇచ్చింది. అత్యున్నత స్థాయి హెచ్చరిక వెలువడితే వాటిని తెరవడం తప్పనిసరి. ఈ నిబంధన 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ ఒక్క నెలలో మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. దాని ఫలితంగా 2013లో ఆ నగరం రూపొందించిన వడగాలుల కార్యాచరణ ప్రణాళిక దక్షిణాసియాలోనే మొదటిది. 

తెలుగువారికి ఈ విషాదం కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 వేసవిలో 3,000 మందికి పైగా, 2015లో ఒక్క నవ్యాంధ్రలోనే 1,300 మందికి పైగా వడదెబ్బకు బలయ్యారని అధికారిక లెక్కలు చెబుతున్నాయి. చలివేంద్రాలు, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్ల పంపిణీ, ఉపాధి హామీ పనివేళల మార్పు ఇక్కడ ఏటా జరిగేవే. తెలంగాణ 2023లో భవనాల పైకప్పులను చల్లగా ఉంచే విధానాన్ని ప్రకటించింది. 2025లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది.

చలివేంద్రం దాహం తీరుస్తుంది, కాని రేకుల ఇంట్లో ఉడికిపోయే ముసలివారికి చల్లని గది కావాలి. అందుకు తగిన భవనాలు చాలావరకు ఉన్నాయి. ఒంటిపూట బడుల కాలంలో మధ్యాహ్నం నుంచి, వేసవి సెలవుల్లో రోజంతా పాఠశాలలు ఖాళీగా ఉంటాయి. శాఖా గ్రంథాలయాలు, సామాజిక భవనాలు ఊరూరా ఉన్నాయి. కోస్తాలో తుఫాను షెల్టర్లు ఉన్నాయి. చల్లబరిచే పద్ధతిని మాత్రం ప్రాంతాన్ని బట్టి ఎంచుకోవాలి. పొడి గాలి వీచే తెలంగాణ, రాయలసీమల్లో నీటితో నడిచే ఎయిర్ కూలర్లు బాగా పనిచేస్తాయి. తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో వాటి వల్ల ఉక్కపోత పెరుగుతుంది కనుక ఏసీ అవసరం. రెండుచోట్లా కరెంటు పోయినా నడిచే ఏర్పాటు ఉండాలి.

షికాగో నుంచి ఫీనిక్స్ దాకా అనుభవాలన్నీ ఒకే సంగతి చెబుతున్నాయి. తెరిచిన కేంద్రాల సంఖ్యను బట్టి ఈ కార్యక్రమం విజయాన్ని కొలవకూడదు. ఒంటరిగా ఉన్న వృద్ధులు, జబ్బుపడ్డవారు, ఇల్లు లేనివారు అక్కడికి చేరారా, రాత్రి కూడా ఉండగలిగారా అన్నదే కొలమానం. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది ఇంటింటికీ తిరిగే మన ఊళ్లలో అలాంటివారి జాబితాను ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే సిద్ధం చేయడం సాధ్యమే. రెడ్ అలర్ట్ వచ్చిన రోజున ఆ జాబితాలోని ప్రతి ఇంటి తలుపూ తట్టి, రాగలిగినవారిని కేంద్రానికి చేర్చి, రాలేనివారికి ఇంటి దగ్గరే సాయం అందిస్తేనే కూలింగ్ సెంటర్ తన పని పూర్తిగా చేసినట్టు.