గ్రామఫోను ముల్లు బరువు

పాతకాలపు గ్రామఫోనులో ఉక్కుముల్లు రికార్డు గాడివెంట కదలుచు, సౌండుబాక్సులోని పలుచని రేకును తానే కంపింపజేయవలసి యుండెను. ఇందుకై గాడిపై 100 గ్రాములకు మించిన బరువు మోపెడివారు. లక్కరికార్డులో కలిపిన రాతిపొడి ముల్లును గాడి ఆకారమునకు అరగదీసెడిది. కనుక ఒకవైపు వాయించగానే ముల్లు మార్చవలెను. ముల్లు పొదుపుచేసినవారికి రికార్డే ఖర్చయ్యెడిది!

విద్యుత్ పికప్పు వచ్చినపిదప ధ్వనిని పెంచు పనిని యాంప్లిఫయరు చేపట్టెను. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు వినైల్ రికార్డును వెలువరించెను. దాని సన్నని గాడి పాత బరువును ఓర్వజాలదు. పికప్పు బరువు 10 గ్రాముల లోపునకు దిగెను. 1958 నాటి స్టీరియో రికార్డులో గాడి రెండుగోడలపై రెండు ధ్వనులు చెక్కబడెను. ముల్లు ప్రక్కలకేగాక పైకి, క్రిందికి కూడ కదలవలసివచ్చెను.

నేటి మేలైన టర్న్‌టేబులుపై ఈ బరువు సుమారు 2 గ్రాములు. ఇంకను తగ్గించిన మేలని తలచరాదు. మరీ తేలికైన ముల్లు గాడిలో నిలువక అదరి, దాని గోడలనే గాయపరచును.