నాగార్జునసాగర్–శ్రీశైలం లాంచీ యాత్ర

కృష్ణా నదిపై నాగార్జునసాగర్ జలాశయం నుంచి శ్రీశైలం ఆనకట్ట దిగువన ఉన్న లింగాలగట్టు వరకు, నల్లమల కొండల నడుమ సుమారు 110 కిలోమీటర్ల మేర సాగే బృంద జలయాత్ర ఇది. తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ దీన్ని శ్రీశైల దర్శనంతో కలిపి రెండు రోజుల ప్యాకేజీగానూ నడుపుతుంది.

ఈ దారికి మూలం నాగార్జునసాగర్ ఆనకట్టే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ముంపుకు ముందు తవ్వకాల్లో బయటపడ్డ ఇక్ష్వాకుల నాటి బౌద్ధ అవశేషాలను కొండపైకి చేర్చారు. నేడు ద్వీపంగా మిగిలిన ఆ నాగార్జునకొండపైనే మ్యూజియం ఉంది.

జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు. నీరు బాగా తగ్గితే లాంచీ కదలదు. అందుకే ఈ యాత్ర వరద వచ్చిన ఏళ్లలోనే నిండుగా సాగుతుంది.

ఎగువకు వెళ్లేకొద్దీ లోయ ఇరుకవుతుంది. చేపలు పట్టేవారి పుట్టి ఇక్కడ చూడదగ్గది: వెదురు బద్దలతో అల్లిన గుండ్రని బుట్ట, అడుగున తారు పూత, నడపడానికి ఒకే తెడ్డు. ముక్కూ తోకా లేని ఈ పడవను తిరిగిపోకుండా నడపడం గొప్ప నేర్పు.