చింతామణి పోటీలు



నవల వ్రాయుట యొక పని; దానిని అచ్చులో చూచుకొనుట వేఱొక పని. మొదటిదానికి కాగితము, సిరా, కొంత సాహసము చాలును. రెండవదానికి పరుల దయ కావలయును. మన భాషలో పేరు లేని యువకునకు ఈ రెండవ పని యెట్లు సాధ్యమయ్యెనో నేడు మనవి చేసెదను.

పూర్వము పద్యకవి కొక త్రోవ యుండెడిది. కావ్యము చేతబట్టుకొని ప్రభువు కొలువునకు పోయి కృతి నిచ్చెడివాడు. కృతిభర్త యగ్రహారమో, కనకమో, తుదకొక శాలువయో యిచ్చి పంపెడివాడు. కాని సామాన్య గృహస్థుల యింటి ముచ్చటలను వచనమున జెప్పిన పుస్తకమును కృతి గొనుటకు ఏ ప్రభువు ముచ్చటపడును?

కావున తొలి నవలాకారులు తమకాళ్లపై తాము నిలువగలవారే. 1872లో శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించిన నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు డిప్యూటీ కలెక్టరు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో రాజశేఖర చరిత్రమును తమ వివేకవర్ధని పత్రికలోనే వరుసగా ప్రకటించి, 1880లో పుస్తకముగా వెలువరించిరి. పత్రిక తమది, ఒకరి గడప త్రొక్కవలసిన పని లేదు. పంతులుగారు దానిని వచన ప్రబంధమనిరి. నవల యను పేరు దానిని విమర్శించిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు పెట్టినది. తప్పులెన్నుటకు కూర్చున్న శాస్త్రిగారే బిడ్డకు నామకరణము చేయుట మావంటి పండితులకు కొంచెము గర్వము కలిగించు విషయమే.

ఉద్యోగమును, పత్రికయు రెండును లేనివాని గతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానము రాజమహేంద్రవరమున దొరకినది. అచట న్యాయవాదియైన న్యాపతి సుబ్బారావు పంతులుగారు 1891లో చింతామణి యను మాసపత్రికను స్థాపించిరి. 1878లో మద్రాసున హిందూ పత్రికను మొదలిడిన ఆరుగురు యువకులలో వీరొకరు; పత్రిక యనగా నేమో యెఱిగినవారు. చింతామణికి సంపాదకత్వము వీరేశలింగము పంతులుగారిది. ఆ పత్రిక నవలలకు పోటీలు పెట్టి, మేలైన వానికి బహుమతు లిచ్చుచు వచ్చెను.

ఇందలి విశేషము బహుమతి సొమ్ము కాదు. గడువు గలదు, చదువువారు గలరు, చదివినవారు భాష యెఱిగినవారు. గ్రామమున నెవ్వడో వ్రాసిన కాగితముల కట్టను విప్పి, కడవఱకు చదువుదుమని నలుగురిలో మాట యిచ్చుట సామాన్యము కాదు. ఖండవల్లి రామచంద్రుడుగారు మొదలగువా రా మాటను నమ్మియే వ్రాసి బహుమతులందిరి.

వీరిలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి కథ మనసునకు హత్తుకొనును. రాజమహేంద్రవరమున బడిపంతులు. చూపు చిన్ననాటినుండి మందము. గయోపాఖ్యాన నాటకముతో పేరు వచ్చినను నవలకు క్రొత్తవారే. 1894లో చింతామణి బహుమతి వారి రామచంద్రవిజయమునకు వచ్చినప్పటికి వారికి ముప్పదియేండ్లు నిండలేదు. పిదప హేమలత, అహల్యాబాయి మొదలగునవి వరుసగా వెలువడినవి. చూపు పూర్తిగా పోయినపిదపను ఇతరులచేత వ్రాయించుచునే యుండిరి. మొదటి కట్టను ఎవరును విప్పకపోయినచో ఆ వరుస సాగియుండునా యని నాకు సందేహము.

ఈ సందేహము ఊరక కలిగినది కాదు. ఇరువదియాఱవ యేట, పల్లెటూరి బడిలో పనిచేయుచు, నేనును ఒక నవల వ్రాసితిని. మూడువందల పుటలు. ఒక పత్రిక యుగాదికి పోటీ ప్రకటింపగా రిజిస్టరు టపాలో పంపితిని. నకలు వ్రాసికొనలేదు, అది నా తెలివితక్కువ. ఫలితములలో నా పేరు లేదు, అందుకు చింత లేదు. ప్రతినైన తిరిగి పంపుడని మూడు జాబులు వ్రాసితిని. బదులు రాలేదు. బాగులేదని యొక కార్డు ముక్క వచ్చియున్నచో మరల వ్రాసియుందునేమో! ఆ కట్టను విప్పిరో లేదో నాకు నేటికిని తెలియదు.

చింతామణి చిరకాలము నడువలేదు గాని త్రోవ మూతపడలేదు. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలియు నవలలకు పోటీలు నడిపెను. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలకును, అడివి బాపిరాజుగారి నారాయణరావునకును బహుమతిని చెఱిసగముగా పంచిరి. ఆ రెంటిలో నేది మిన్న యన్న తగవు నేను పనిచేసిన బడులలో ఉపాధ్యాయుల గదులయందు ఎన్నియో మధ్యాహ్నములు సాగినది. పరీక్షకులకు తెగని తగవు మాకు మాత్ర మెట్లు తెగును!