చిన్న కంప్యూటర్‌కు ఏ మానిటర్ కొనాలి? తెలుగు చదివేవాళ్లు చూసుకోవాల్సిన విషయాలు

మన సంఘాల కార్యాలయాల్లో, గ్రంథాలయాల్లో, ఆదివారం తెలుగు తరగతులు నడిచే గదుల్లో బల్ల కింద పెద్ద సీపీయూ డబ్బాలు తగ్గుతున్నాయి. వాటి స్థానంలో అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు వస్తున్నాయి. మినీ పీసీ, మ్యాక్ మినీ, రాస్ప్‌బెర్రీ పై ఇలాంటివే. కరెంటు తక్కువ తింటాయి, చోటు తక్కువ పట్టిస్తాయి. అయితే వీటికి తెర ఉండదు, మానిటర్ విడిగా కొనుక్కోవాలి.

చాలా చోట్ల కంప్యూటర్ కొన్నాక మిగిలిన డబ్బుతో ఏదో ఒక మానిటర్ తెచ్చి పెడుతున్నారు. ఇంగ్లీషు మాత్రమే చదివే ఆఫీసులో అలా చేసినా పని జరిగిపోతుంది. తెలుగు చదవడానికి, నేర్పడానికి కొంటున్నప్పుడు మాత్రం మానిటర్ గురించే ముందు ఆలోచించాలని మేము చెబుతాం.

ఒక సంఘం పఠనాలయంలో మేము చూసిన సంగతి ఇది. ధర తక్కువ, తెర పెద్దది అని 32 అంగుళాల టీవీ కొని చిన్న కంప్యూటర్‌కు తగిలించారు. పిల్లలు దాని ముందే కూర్చుని పాఠం చదువుతున్నారు. ఓ అమ్మాయి ‘ధనం’ని ‘దనం’ అనీ, ‘ఫలం’ని ‘పలం’ అనీ చదివింది. టీచరమ్మ రెండుసార్లు దిద్దారు. తరువాత తానే తెర దగ్గరికి వెళ్లి చూస్తే ‘ధ’ కింద గీత కనిపించనే లేదు. తప్పు పిల్లది కాదు, తెరది.

తెలుగుకు చుక్కలు ఎందుకు ఎక్కువ కావాలి

తెర మీద ప్రతి అక్షరం చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. వాటినే పిక్సెళ్లు అంటారు. ఇంగ్లీషు అక్షరం ఒకే వరుసలో నిలబడుతుంది. తెలుగులో అక్షరం పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులు ఉంటాయి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో స, దాని కింద త వత్తు, ర వత్తు, పైన గుడిదీర్ఘం అన్నీ ఇమడాలి. ద–ధ, ప–ఫ, డ–ఢ, చ–ఛ జంటల్లో తేడా చూపేది కింద ఉండే చిన్న గీతే. కి–కీ, కొ–కో మధ్య తేడా కూడా ఓ చిన్న మెలికే.

తమిళ లిపిలో ఒత్తు అక్షరాలు విడిగా లేవు. బడిలో తమిళం చదివి వచ్చే హోసూరు, కృష్ణగిరి, చెన్నై పిల్లలకు ద–ధ తేడా తెలుగులోనే మొదటిసారి ఎదురవుతుంది. తెర ఆ గీతను మింగేస్తే వాళ్లు ఊహించుకునే దారి కూడా ఉండదు.

అందువల్ల మానిటర్ ఎంచుకునేటప్పుడు అంగుళాలు చూస్తే సరిపోదు, అంగుళానికి ఎన్ని చుక్కలున్నాయో చూడాలి. లెక్క సులువే. అడ్డం చుక్కల వర్గానికి నిలువు చుక్కల వర్గాన్ని కలిపి వర్గమూలం తీసి, తెర అంగుళాలతో భాగించాలి. దుకాణాల్లో సాధారణంగా దొరికే వాటికి ఆ లెక్క వేసి ఇస్తున్నాం:

- 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ (1366 × 768): 49
- 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920 × 1080): 82
- 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: 92
- 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: 102
- 27 అంగుళాల క్యూహెచ్‌డీ (2560 × 1440): 109
- 32 అంగుళాల 4కె (3840 × 2160): 138
- 27 అంగుళాల 4కె: 163

పుస్తకంలో 12 పాయింట్ల అక్షరం అంటే వత్తుతో, గుడితో కలిపి అంగుళంలో ఆరో వంతు ఎత్తు. అదే కొలతలో తెర మీద చూపితే 49 చుక్కల టీవీలో ఆ అక్షరానికి నిలువునా దక్కేవి 8 చుక్కలే. 92 చుక్కల మానిటర్‌లో 15, 109లో 18, 163లో 27 దక్కుతాయి. ఎనిమిది చుక్కల్లో ‘స్త్రీ’ ఇమడదు. పదిహేనులో గుర్తుపట్టవచ్చు. ఇరవై ఏడులో అచ్చు పుస్తకానికి దగ్గరగా కనిపిస్తుంది.

దీన్నిబట్టి మా సలహా: బల్ల మీద పెట్టుకుని చదివే మానిటర్‌కు అంగుళానికి 90 చుక్కలకు తగ్గవద్దు. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చూడటానికి పెద్దగా, ధర అందుబాటులో ఉన్నా తెలుగు చదవడానికి దానికన్నా 24 అంగుళాలదే మేలు.

ముందు కంప్యూటర్ వెనుక వైపు చూడండి

మానిటర్ కొనే ముందు కంప్యూటర్‌కు ఏ పోర్టులున్నాయో చూసి రాసుకోండి.

మినీ పీసీలకు సాధారణంగా హెచ్‌డీఎంఐ ఉంటుంది. కొన్నింటికి డిస్‌ప్లే పోర్ట్, టైప్‌-సి కూడా ఉంటాయి. టైప్‌-సి రంధ్రం ఉన్నంత మాత్రాన దాని నుంచి బొమ్మ వస్తుందని అనుకోవద్దు. కొన్ని డేటాకు మాత్రమే పనికొస్తాయి. కంప్యూటర్ వివరాల్లో డిస్‌ప్లేకు పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూసుకోండి.

రాస్ప్‌బెర్రీ పై 4, పై 5 లకు ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ. మామూలు కేబుల్ పట్టదు, ఒక చివర మైక్రో ఉన్న కేబుల్ కొనాలి. కేబుల్ లేక మానిటర్ పెట్టె విప్పకుండా వారాలపాటు మూలన పడి ఉండటం మేము చూశాం.

4కె కొనేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. పాత మినీ పీసీలలో ఉండే హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కె బొమ్మను సెకనుకు 30 సార్లే మారుస్తుంది. మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంది. హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లే పోర్ట్ 1.2 ఉంటే 60 సార్లు వస్తుంది. కంప్యూటర్, కేబుల్, మానిటర్ మూడూ ఆ స్థాయివే కావాలి.

సంఘంలో పాత వీజీఏ మానిటర్ పడి ఉంటే కన్వర్టర్ పెట్టి వాడుకోవచ్చు. కానీ వీజీఏలో బొమ్మ అంచులు కొంత చెదురుతాయి. హాజరు పట్టీకి, లెక్కలకు పనికొస్తుంది. తెలుగు పాఠానికి వద్దు.

శబ్దం సంగతి కూడా మరవొద్దు. పై 5లో హెడ్‌ఫోన్ రంధ్రమే లేదు. చాలా మినీ పీసీలకు స్పీకర్లుండవు. పద్యాలు, ఉచ్చారణ వినిపించాలంటే స్పీకర్లున్న మానిటర్ కానీ, హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న మానిటర్ కానీ తీసుకోండి. లేకపోతే స్పీకర్లు విడిగా కొనాలి.

పానెల్ ఏది

ఐపీఎస్, వీఏ, టీఎన్ అని మూడు రకాలు దొరుకుతాయి. టీఎన్‌లో పక్క నుంచి, కింద నుంచి చూస్తే రంగులు మారి అక్షరం వెలిసిపోతుంది. ఒకే తెర చుట్టూ నలుగురు పిల్లలు కూర్చునే చోట అది పనికిరాదు. వీఏలో నలుపు గాఢంగా ఉంటుంది, సినిమాలకు బాగుంటుంది, కానీ పక్క నుంచి కొంచెం తేలిపోతుంది. చదువుకూ డీటీపీకీ ఐపీఎస్ తీసుకోండి. ధరలో తేడా ఇప్పుడు పెద్దగా లేదు.

తెర మెరిసే రకం కాకుండా మ్యాట్ అయి ఉండాలి. మామూలు గదికి 250 నిట్ల వెలుగు చాలు. కిటికీకి ఎదురుగా పెట్టక తప్పని చోట 300 కానీ అంతకుమించి కానీ ఉన్నది చూడండి. 144 హెర్ట్జ్, 180 హెర్ట్జ్, వంపు తెర, ఒక మిల్లీసెకను స్పందన ఇవన్నీ ఆటలు ఆడేవాళ్లకు. చదువుకు 60 హెర్ట్జ్ చాలు. ఆ డబ్బు చుక్కల మీద పెట్టండి.

స్టాండు, ఎత్తు, పాత పుస్తకాలు

తక్కువ ధర మానిటర్ల స్టాండు ముందుకూ వెనక్కూ మాత్రమే వంగుతుంది, ఎత్తు మారదు. పొద్దున పిల్లలు, సాయంత్రం పెద్దలు కూర్చునే చోట ఎత్తు మారే స్టాండు ఉండాలి. తెర పై అంచు కళ్ల ఎత్తుకు కానీ కొంచెం కిందికి కానీ ఉండాలి. బైఫోకల్ కళ్లద్దాలు పెట్టుకునే పెద్దలు అద్దం కింది భాగంలోంచి చదువుతారు కాబట్టి వారికి తెరను ఇంకా దించాలి. లేకపోతే తల వెనక్కి వంచి చదివి మెడనొప్పి తెచ్చుకుంటారు.

స్కాన్ చేసిన పాత పుస్తకాలు చదివే గ్రంథాలయాలకు ఓ లెక్క చెబుతాం. 24 అంగుళాల తెర ఎత్తు సుమారు 299 మిల్లీమీటర్లు, ఏ4 కాగితం పొడవు 297. కాగితం అసలు కొలతలో సరిగ్గా పడుతుందనిపిస్తుంది. కానీ పైనా కిందా ఉండే పట్టీలు పోగా ఫుల్ హెచ్‌డీలో పేజీకి మిగిలేవి సుమారు 900 చుక్కలే. పాత అచ్చులోని సన్నని వత్తులు అందులో అలుక్కుపోతాయి. తెరను 90 డిగ్రీలు తిప్పి నిలువుగా పెట్టగల స్టాండు ఉంటే అదే మానిటర్‌లో పేజీ పొడవుకు సుమారు 1500 చుక్కలు దొరుకుతాయి. అందుకే 4కె కొనే స్థోమత లేని గ్రంథాలయం తిరిగే స్టాండు ఉన్న 24 అంగుళాల మానిటర్ కొంటే మంచిది.

చిన్న కంప్యూటర్‌ను మానిటర్ వెనుక బిగించుకోవచ్చు. దానికోసం మానిటర్ వెనుక వీసా రంధ్రాలు ఉండాలి. 75 × 75 లేదా 100 × 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు రంధ్రాలుంటాయి. కొన్ని మానిటర్లలో స్టాండే ఆ రంధ్రాలకు బిగించి ఉంటుంది, అప్పుడు కంప్యూటర్‌కు చోటుండదు. పెట్టె మీది బొమ్మలు కాకుండా మానిటర్ వెనుక భాగం చూసి కొనండి.

టీవీ పనికొచ్చే చోటు

టీవీ ఎక్కడా పనికిరాదని మేము అనడం లేదు. ఆరడుగుల దూరంలో కూర్చున్న తరగతికి పెద్ద అక్షరాల్లో నాలుగు మాటలు చూపడానికి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ బాగానే ఉంటుంది. బల్ల మీద రెండడుగుల దూరంలో పెట్టుకుని పేజీ చదవడానికి మాత్రం అది కాదు. టీవీనే వాడితే సెట్టింగుల్లో బొమ్మ అంచులు కత్తిరించే ఓవర్‌స్కాన్‌ను ఆపేయండి, పీసీ మోడ్ ఉంటే పెట్టండి. అక్షరాలు వెంటనే కొంత తేటపడతాయి.

తగిలించాక చేయాల్సింది

రిజల్యూషన్ మానిటర్ అసలు కొలతలోనే ఉంచండి. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గిస్తే మసకబారుతాయి. తగ్గించాల్సింది అది కాదు, స్కేలింగ్ పెంచాలి. క్యూహెచ్‌డీకి 125 శాతం, 27 అంగుళాల 4కెకు 150 శాతం పెట్టి చూడండి.

విండోస్‌లో క్లియర్‌టైప్ సరిచేసుకోండి. తెలుగుకు నిర్మల యూఐ అందులోనే ఉంటుంది. లినక్స్‌లో, రాస్ప్‌బెర్రీ పైలో నోటో సాన్స్ తెలుగు వేసుకోండి. మ్యాక్‌లో 2018 నాటి మొజావే నుంచి తక్కువ చుక్కల తెరలకు అక్షరాల అంచు దిద్దే పద్ధతిని తీసేశారు. కాబట్టి మ్యాక్ మినీ కొన్నవాళ్లు ఫుల్ హెచ్‌డీతో సరిపెట్టుకోకుండా 4కె వైపు చూడాలి.

ఎవరికి ఏది

- ఆదివారం తరగతి, తక్కువ నిధులు: 21.5 లేదా 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్.
- పఠనాలయం: 24 అంగుళాల ఐపీఎస్, ఎత్తు మారే, నిలువుగా తిరిగే స్టాండుతో.
- సంఘ పత్రిక, పెళ్లి పత్రికలు, డీటీపీ పని: 27 అంగుళాల క్యూహెచ్‌డీ. రెండు ఏ4 పేజీలు పక్కపక్కన పెట్టి ప్రూఫు దిద్దవచ్చు.
- రోజంతా తెలుగు చదివి రాసేవాళ్లు, చూపు తగ్గిన పెద్దలు, మ్యాక్ మినీ వాడేవాళ్లు: 27 అంగుళాల 4కె.
- రాస్ప్‌బెర్రీ పై 4: 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చాలు. 4కె పెడితే ఆ చిన్న బోర్డుకు భారమవుతుంది.

దుకాణంలో చేయాల్సిన పరీక్ష

దుకాణంలో తెర మీద ఎప్పుడూ పూలు, జలపాతాలే తిరుగుతుంటాయి. వాటిని చూసి మానిటర్ కొనకండి. ఒక పీడీఎఫ్‌లో ఈ మాటలు 12 పాయింట్లలో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి: దనం, ధనం, పలం, ఫలం, కొడి, కోడి, స్త్రీ, రాష్ట్రం, వాత్సల్యం. నూరు శాతం సైజులో తెరిపించి, రెండడుగుల దూరంలో కూర్చుని చదవండి. మీతో వచ్చిన పెద్దవారినీ, ఒక పిల్లనో పిల్లవాడినో చదవమనండి. ముగ్గురూ తడబడకుండా చదివితే ఆ మానిటర్ తీసుకోవచ్చు.

బిల్లు సంఘం పేరున రాయించండి. కోశాధికారి మారినా వారంటీ పోదు. యానాం, బరంపురం లాంటి ఊళ్లలో ఉన్నవాళ్లు సర్వీసు మనిషి ఇంటికి వస్తాడా, లేక మానిటర్‌ను మీరే పక్క నగరానికి మోసుకెళ్లాలా అని కొనే ముందే అడగండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. తెర పగిలి వచ్చినా, వెలగని చుక్కలున్నా అది రుజువుగా నిలుస్తుంది. దుకాణం పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

మేము పైన చెప్పిన పఠనాలయంలో ఆ టీవీని పారేయలేదు. హాల్లో గోడకు తగిలించి పండుగ కార్యక్రమాలకు వాడుతున్నారు. పాఠానికి 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ తెచ్చి, చిన్న కంప్యూటర్‌ను దాని వెనుకే బిగించారు. ఇప్పుడు ‘ధ’ కింద గీత కనిపిస్తోంది. ఇక తప్పు చదివితే టీచరమ్మ పిల్లల్నే దిద్దుతున్నారు.