హంపి గజశాల: పైకప్పు దగ్గర తేలిన సంగతి

హంపిలో జెనానా (రాణివాసం) ఆవరణ తూర్పు గోడ దాటితే పదకొండు గదుల పొడవాటి కట్టడం కనిపిస్తుంది. అందరూ గజశాల అంటారు. ఆ పేరు చెప్పే శాసనం దాని మీద లేదు. మరి పేరుకు ఆధారం ఏమిటి?

మొదట చూసింది 1443లో హెరాత్ నుంచి విజయనగర రాజు దగ్గరికి వచ్చిన రాయబారి రాత. ఒక్కో ఏనుగుకు ఒక్కో గది, గట్టి గోడలు అని రాశాడు. చిక్కు వీడిందనుకున్నాను. తర్వాతి వాక్యం దగ్గర ఆగాను. ఆ గదుల కప్పు దిట్టమైన కొయ్యతో వేసిందట. ఏనుగుల మెడకూ వీపుకూ వేసిన గొలుసుల కొసలు ఆ కప్పుకే బిగించేవారట. ఇక్కడ కొయ్య కప్పు లేదు. మధ్య గది మీద మేడ కట్టు, అటు అయిదూ ఇటు అయిదూ గుమ్మటాలు ఉన్నాయి.

రాయబారి పొరబడ్డాడా? ఏనుగు కళ్ళెదుటే గుండిగలోంచి కిచిడీ తీసి, ఉప్పూ చక్కెరా చల్లి, ముద్దలు కట్టి, వెన్నలో ముంచి నోట్లో పెట్టేవారని కూడా రాశాడు. ఇంత దగ్గరగా చూసినవాడికి కప్పు తెలియలేదంటే నమ్మను.

పాత గోడల మీద గుమ్మటాలు తర్వాత లేపారేమో? నలుచదరపు గది మీద గుండ్రటి గుమ్మటం నిలవాలంటే మూలలను ముందే అందుకు తగ్గట్టు కట్టుకు రావాలి. పైగా మధ్య గదికి ఎడమన గుమ్మటాలు ఏ వరసలో ఆకారం మారుతాయో, కుడినా అదే వరస. గోడలూ కప్పూ ఒకే ఆలోచన. కాబట్టి రాయబారి చూసిన శాల ఇది కాదు.

ఈ కట్టడంలోని ఇస్లామీ పద్ధతి కమానులను బట్టి, విజయనగరం ఓడిన 1565 యుద్ధం తర్వాత, గెలిచిన దక్కన్ సుల్తానులు కట్టించారనే మాటా ఉంది. నిలవదు. యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు పోయింది. ఖాళీ అయిన ఊళ్ళో ఇంత శాలతో ఎవరికి పని? పైగా పక్కనే జెనానాలో ఉన్న కమలమహల్‌లోనూ అవే కమానులు గుడి శిఖరాల వంటి కప్పుల కింద కలిసిపోయి ఉన్నాయి.

ఇక లెక్క. రాయబారి రాజుకు వెయ్యికి పైగా ఏనుగులున్నాయన్నాడు. ఇక్కడి గదులు పదకొండు. దళానికి ఇది చాలదు. కట్టడం పడమరగా విశాలమైన మైదానం వైపు తిరిగి ఉంది. ఏనుగులుంటే, అవి ఊరేగింపుకు తీసే పట్టపు ఏనుగులై ఉండాలి.

గజశాల అన్న పేరును నేను కొట్టెయ్యను. 1443 రాతను దానికి సాక్ష్యంగా చూపడం మాత్రం తప్పు. ఈసారి హంపి వెళ్తే ఏదో ఒక పక్క గదిలో నిలబడి తల పైకెత్తండి. కనిపించేది కొయ్య కాదు, సున్నపు గుమ్మటం.